అబ్దుల్లా గొంతు

మళ్లీ నడుమనే ఆగిపోయింది.

ట్రే దానంతట అదే బయటికి వచ్చింది. కిరణ్ సీడీ తీసి వెలుతురుకు పట్టి చూశాడు. సగం దాకా రంగు మారింది. మిగతా సగం కొత్తదానిలాగే మెరుస్తోంది. టేబుల్ మీద అలా చెడిపోయినవి అప్పటికే ఒక గుట్ట.

"ఏమైంది సారూ?" ఫకీర్ సాబ్ ముందుకు వంగాడు.

"ఇదీ పాయె."

కిరణ్ ధర్మవరం నుంచి హిందూపురం బడికి బదిలీ మీద వచ్చిన లెక్కల టీచరు. తల్లి సిద్ధమ్మ, తనూ ఆ ఇంట్లో దిగి వారం కాలేదు. మూటలు ఇంకా విప్పనేలేదు, కంప్యూటర్ మాత్రం బిగించుకున్నాడు. ఆ సంగతి తెలిసి ఎదురింటి టైలర్ ఫకీర్ సాబ్ పొద్దున్నే ఒక వీడియో క్యాసెట్ చంకన పెట్టుకుని వచ్చాడు. వెంట కోడలు మెహరున్నీసా.

కొత్తచెరువులో జరిగిన బంధువుల పెళ్లి క్యాసెట్ అది. అందులో ఆయన కొడుకు అబ్దుల్లా ఉన్నాడు. ఆ పెళ్లయిన కొన్నాళ్లకే లారీ బోల్తాపడి చనిపోయాడు. రేషన్ కార్డు మీది మసక ఫొటో తప్ప అతని గుర్తంటూ ఇంట్లో ఇంకేమీ లేదు.

"టేపుకు బూజు పట్టిండాది సారూ. సీడీ చేస్తే శానా ఏండ్లు నిలుస్తాదంట గదా. ఈ బిడ్డ మొగుణ్ణి చూసుకోవల్ల."

క్యాసెట్‌ను కంప్యూటర్‌లోకి ఎక్కించడం వరకూ బాగానే సాగింది. అంతా అయ్యాక వీసీఆర్ ఆ పాత టేపును నమిలేసి ఉండలు చుట్టింది. కిరణ్ దిగులుపడలేదు. బొమ్మా మాటా కంప్యూటర్‌లో భద్రంగా ఉన్నాయి. ఇక సీడీ చేయడం ఎంతసేపు అనుకున్నాడు.

ఒక్కటీ కాలేదు.

స్పీడు తగ్గించి చూశాడు. వేరే రకం సీడీలు తెప్పించి పెట్టాడు. యాంటీవైరస్ ఆపేశాడు. సీడీ రైటర్ విప్పి లెన్సును దూదితో తుడిచాడు. నడుమ కరెంటు పోయి యూపీఎస్ కీచుమని అరిచేసరికి ఉలిక్కిపడి కుర్చీలోంచి లేచాడు. మెహరున్నీసా మాత్రం కదల్లేదు. తెర మీదే ఆమె చూపు. దుఃఖం మనిషిని ఇంత బండరాయిని చేస్తుందా అనుకున్నాడు.

"తాగమ్మా, సల్లారిపోతాది," అంటూ సిద్ధమ్మ ఆమె వెనక బల్ల మీద టీ గ్లాసు పెట్టి పోయింది. టీ మీద మీగడ కట్టింది. ఆమె తిరిగి చూడలేదు.

సాయంత్రం నమాజు వేళకు ఫకీర్ సాబ్ లేచాడు. "మసీదుకు పోయొస్తా సారూ. ఈమె ఈడ్నే ఉంటాది."

ఆయన అటు వెళ్లగానే కంప్యూటర్ లోపలినుంచి టకటకమని చప్పుడు మొదలైంది. కిరణ్ ధర్మవరంలో కంప్యూటర్లు బాగుచేసే స్నేహితుడు షాబాజ్‌కు ఫోన్ చేశాడు. ఆ చప్పుడు ఫోన్‌లోనే వినిపించాడు.

"తప్పు రైటర్‌ది కాదబ్బా. నీ హార్డ్ డిస్కే పోతాండాది. సినిమా మొత్తం రానే రాదు. బొమ్మలు ఫొటోలుగా తీసుకుంటావో, మాటలొకటే తీసుకుంటావో, ఏదో ఒకటి చేసుకో. రెండిటికీ అది బతకదు. బిరీన కానీ."

కిరణ్ ఫోన్ పెట్టేశాడు. వీడియో తెరిచాడు. షామియానా కింద అబ్దుల్లా. అందరికీ దూరంగా నిలబడి, ఆడవాళ్లు కూర్చున్న వైపు చూస్తూ, వేళ్లు తిప్పుతూ, గుండె మీద తట్టుకుంటూ, నవ్వుతూ ఏవో చేష్టలు చేస్తున్నాడు. ఆ తర్వాత భోజనాల దగ్గర మనిషి కనిపించడు, గొంతు మాత్రం వినిపిస్తుంది. "రాండప్పా, కూసోండప్పా, సిగ్గుపడొద్దండి, ఇది మన పెండ్లే!" నిండైన గొంతు. పక్కనే నిలబడి పిలిచినట్టుంది.

కిరణ్‌కు తన నాయన గుర్తొచ్చాడు. ఆయన ఫొటో గోడకు వేలాడుతూ ఉంటుంది. గొంతు ఎలా ఉండేదో ఎంత తలుచుకున్నా గుర్తు రాదు.

మెహరున్నీసా వైపు తిరిగాడు.

"అక్కా, రెండూ దక్కేటట్లు లేవు. ఆయప్ప మాటలు నిలుపుతా. సరేనా?"

ఆమె తెర మీదినుంచి చూపు తిప్పి అతని ముఖంలోకి చూసింది. అతని కళ్లలో నీళ్లు. కాసేపటికి మెల్లగా తలూపింది.

ఈసారి సీడీ ఆగలేదు. అది చేతికొచ్చిన కాసేపటికే తెర నల్లబడింది. కంప్యూటర్ మళ్లీ ఎన్నిసార్లు నొక్కినా లేవలేదు.

ఫకీర్ సాబ్ తిరిగొచ్చేసరికి కిరణ్ సీడీ ప్లేయర్ సిద్ధం చేసి ఉంచాడు. బటన్ నొక్కాడు. అబ్దుల్లా గొంతు ఇల్లంతా నిండింది. వంటింటి గడపలో సిద్ధమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఫకీర్ సాబ్ ఉన్నచోటే కూలబడి తువ్వాలులో ముఖం దాచుకున్నాడు.

మెహరున్నీసా మాత్రం నల్లబడిన తెర వైపే చూస్తూ కూర్చుంది.

ముసలాయన కళ్లు తుడుచుకుని తలెత్తాడు. "బొమ్మ యాడ సారూ?"

"బొమ్మ పాయె తాతా. ఏదో ఒకటే దక్కుతాదన్నారు. అక్కనడిగే గొంతు ఉంచినా. సరే అనింది."

ఫకీర్ సాబ్ కోడలి వైపు చూశాడు. తర్వాత కిరణ్ వైపు చూశాడు.

"ఏమడిగినావు సారూ, ఆ బిడ్డకు పుట్టుకతోనే చెవుడు గదా!"