ఉప్పుమడి తొడుగు

తన భార్య వెంకటశేషమ్మను చంపింది ఈ పిల్లే. అందులో హజరత్తయ్యకు అనుమానం లేదు.

పరిశోధన అంటూ ఏడాది పొడుగునా ఆమెను ఎర్రటి ఎండలో కావలి కాలేజీకి రప్పించుకుంది. ఆ తిరుగుళ్లలోనే జ్వరం తగిలింది. ఇప్పుడు ప్రత్యూష ఏమీ ఎరగనట్టు ఉప్పుమడి గట్టు మీద నిలబడి, తోలులాంటి ముక్క ఒకటి అందించింది.

"లాగి చూడండి తాతా. చిరగదు."

లాగాడు. సాగింది. వదిలితే ఎప్పటిలా అయింది. పార అంచుతో గీశాడు. తెగలేదు.

"మడమ వెనక నరాన్ని చూసి చేశాం. లోపల గట్టి పోగులు అలల్లా వంకర్లు తిరిగి ఉంటాయి. లాగితే నిటారవుతాయి. చుట్టూ తాటిముంజ లాంటి గుజ్జు."

పక్క మడిలోంచి చెంచులక్ష్మి కాలెత్తి చూపించింది. చేతి తొడుగులా అయిదు వేళ్లకూ విడివిడిగా అతుక్కుని ఉంది తొడుగు.

"చూడు మామా, కొత్త తోలొచ్చింది నాకు! ఉప్పు కొరకతా లేదు. నీకు ఒక వేలు పోయింది, పక్కదీ నల్లబడింది. అదీ పోయిందాకా ఏసుకోవా?"

"నా మడికి నా కాళ్లు చాలు."

ఉప్పు పుండు ముదిరి కుడికాలి చిటికెన వేలు తీసేసినప్పుడూ ఇదే మాటన్నాడు. పొద్దుగూకాక వెంకటశేషమ్మ ఆముదం వెచ్చచేసి, ఆ కాలు ఒళ్లో పెట్టుకునేది. "నీ మొండితనమంతా ఈ కాల్లోనే ఉందయ్యా" అని నవ్వేది. ఒకనాడు దిష్టి తియ్యాలని, తడి బంకమట్టిలో ఆ కాలు అదిమించింది. కాలికింది మన్నుతో దిష్టి తియ్యడం ఇంటింటా ఉన్నదే.

"మొట్టమొదటి తొడుగు అవ్వే అడిగి చేయించింది," ప్రత్యూష సంచిలోంచి కాగితపు పొట్లం తీసింది. "పూర్తయ్యేలోగా ఆమె..."

"కాళ్లు పగిలిన ముసల్దాన్ని తిప్పి తిప్పి చంపి, ఇప్పుడు తెచ్చినావా తొడుగు?"

"ఆమె ఎందుకొచ్చేదో తెలుసా తాతా? అసలు..."

"చాలు. ఆమె మాట ఇంక నేనెత్తను. నువ్వూ ఎత్తొద్దు. పో."

ప్రత్యూష పొట్లం గట్టు మీద పెట్టి వెళ్లిపోయింది. సముద్రపు గాలికి కాగితం ఎగిరిపోయింది. మడిలోకి విసిరేద్దామని హజరత్తయ్య తొడుగును చేతిలోకి తీసుకున్నాడు.

దానికి నాలుగే వేళ్లున్నాయి.