మిలట్రీ బాబాయ్ పద్ధతి

రెండు ఇంటర్వ్యూల్లో ఉన్నదున్నట్టు చెప్పి నవ్వులపాలై వచ్చాడు హవల్దారు. మూడోదానికి బయల్దేరుతుంటే భార్య గుమ్మంలో ఆపి మరీ ఒక మాట చెప్పింది.

"అడిగినదానికి జవాబు చెప్పండి. అడగనిది మింగేయండి."

వినక తప్పదు. ఇదీ పోతే బావమరిది చూసిపెట్టిన ఏటీఎం ముందు స్టూలు ఖాళీగా ఎదురుచూస్తోంది. సరిహద్దు కాపలా కాసినవాడు ఏటీఎం కాపలా కాయడంలో తప్పేమీ లేదు. బావమరిది సిఫార్సుతో కాయడమే కష్టం. బతికున్నంతకాలం ఆ సంగతి ప్రతి పెళ్లి పందిట్లోనూ వినాలి.

మూడోది జనం ఫిర్యాదులను ఫోన్లలో వినే ఆఫీసు. పెద్ద హాలు, వరసగా బల్లలు, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకున్న కుర్రకారు. ఎవరింట్లో ఫ్రిజ్ చల్లబడకపోయినా, వాషింగ్ మెషీన్ తిరగకపోయినా తిట్లన్నీ ముందు వీళ్ల చెవుల్లోనే పడతాయి. అందుకే చేరినవాళ్లు చేరినట్టే పారిపోతున్నారు. భోజనానికని వెళ్లి అటునుంచి అటే మాయమైనవాళ్లూ ఉన్నారు. డిగ్రీలున్న మేనేజర్లు ఒకరి తర్వాత ఒకరు చేతులెత్తేశారు. ఇక వీళ్లను దారిలో పెట్టడం మిలట్రీవాడి వల్లే అవుతుందని యజమాని తీర్మానించుకున్నాడు.

"మీ కింద ఎంతమంది ఉండేవారు?" అని అడిగాడు.

"ఎనిమిదికి ఎప్పుడూ తగ్గలేదు సార్."

"చెప్పినమాట వినేవారా?"

"సర్వీసు మొత్తంలో నాకు ఎదురు సమాధానమన్నది రాలేదు సార్."

యజమాని మొహం వెలిగిపోయింది. యుద్ధం చూశారా అని అడిగితే హవల్దారు చూశానన్నాడు. మంచు కొండల్లో, గుండ్లు పడుతుండగా, పైనున్న కాపలా చౌకీలకు తిండీ మందుగుండూ చేర్చామన్నాడు. యజమాని అంతకంటే అడగలేదు, ఈయన చెప్పలేదు. మూడు నెలలు చూసి, పని నచ్చితే ఖాయం చేస్తానని మాట అయింది. మెత్తగా ఉంటే నెత్తికెక్కుతారు, కాస్త కొరడా ఝుళిపించండి అని యజమాని సలహా కూడా ఉచితంగా ఇచ్చాడు.

మొదటిరోజు హాలంతా కుక్కిన పేనులా పడి ఉంది. వచ్చీరాగానే ఈల వేస్తాడని కొందరు, గుంజీలు తీయిస్తాడని కొందరు పందేలు కాసుకున్నారు. అందరూ ఓడిపోయారు. హవల్దారు ముందుగా ప్రతి బల్ల మీదా మంచినీళ్లున్నాయో లేదో చూశాడు. మధ్యాహ్నం అందరూ తినేదాకా తన క్యారేజీ మూత తీయలేదు. పాత మేనేజర్లు పిల్లిలా వెనకగా వచ్చి నిలబడేవారు. ఈయన ఎప్పుడూ ఎదురుగా వచ్చి, కనబడి, మెల్లగా పలకరించేవాడు. హెడ్‌ఫోన్ ఒరుసుకుని ఎవరి చెవైనా కందితే దానికి మెత్తటి గుడ్డ కుట్టించి తెచ్చేవాడు. కొత్తగా చేరి బెదురు చూపులు చూస్తున్న అమ్మాయిని, ఆఫీసు మొత్తంలోకీ నిదానస్తురాలైన పాతావిడ పక్కన కూర్చోబెట్టాడు.

ఎవరైనా మొండికేస్తే తిట్టేవాడు కాదు. అది మొండితనం కాదని, ఎక్కడో నొప్పి ఉండి ఉంటుందని ఆయన నమ్మకం. కుర్చీ చూసేవాడు, బల్ల చూసేవాడు, అంతకుముందు ఎలాంటి ఫోన్లు వచ్చాయో కనుక్కునేవాడు. వెతికితే నొప్పి ఎక్కడో ఒకచోట దొరికేది.

వారం తిరిగేసరికి హవల్దారు కాస్తా మిలట్రీ బాబాయ్ అయిపోయాడు.

ఒకనాడు పొద్దుటి నుంచి ఊపిరాడకుండా ఫోన్లు మోగాయి. ఆ కొత్తమ్మాయి హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టి కళ్లనీళ్లు పెట్టుకుంది.

"మమ్మల్ని పశువుల్లా చూస్తున్నారు బాబాయ్."

"అంత అదృష్టం మీకింకా పట్టలేదమ్మా" అన్నాడు ఆయన.

బాబాయ్ జోకేశాడని హాలంతా నవ్వింది. ఆయన నవ్వలేదు. నేరుగా యజమాని గదికి వెళ్లి, మధ్యమధ్యలో వాళ్లు లేచి కాసేపు నడిచి రావడానికి విరామం ఇచ్చేదాకా అక్కడినుంచి కదల్లేదు.

మూడు నెలల్లో ఒక్కరూ మానలేదు. అంతకుముందు మానినవాళ్లలో కొందరు మళ్లీ వచ్చి తలుపు తట్టారు. తిట్టడానికి ఫోన్ చేసినవాళ్లు థాంక్స్ చెప్పి పెట్టేస్తున్నారంటే యజమాని నమ్మలేదు. దొంగపేరుతో తనే ఫోన్ చేసి, లేని ఫ్రిజ్ గురించి అరగంట తిట్టి, చివరికి తనే క్షమాపణ చెప్పి పెట్టేశాడు.

గడువు పూర్తయిన రోజున బ్రాంచీల మేనేజర్లందరినీ పిలిపించి పెద్ద మీటింగ్ పెట్టాడు. హవల్దారును పక్కన కూర్చోబెట్టుకుని, ఉద్యోగం ఖాయం చేస్తూ టైపు చేయించిన ఆర్డరు ఒక చేత్తో, మైకు ఒక చేత్తో పట్టుకుని లేచాడు. ఈయన గుండ్ల వానలో జవాన్లను నడిపించిన నాయకుడన్నాడు. మనుషుల మనస్తత్వం ఈయనకు తెలిసినట్టు ఏ పుస్తకానికీ తెలియదన్నాడు. చప్పట్లు మోగాయి. మేనేజర్లు పెన్నుల మూతలు తీశారు.

మైకు చేతికొచ్చాక హవల్దారు లేచి నిలబడ్డాడు. ఈ పూట ఏదో ఒకటి చెప్పి కూర్చుంటే ఆర్డరు జేబులో పడుతుంది. నిజం చెబితే మళ్లీ ఆ పాత నవ్వులే. భయమేసింది, సిగ్గేసింది. కానీ తనతో కొండెక్కి మళ్లీ దిగిరాని ప్రాణాలు గుర్తొచ్చాయి. వాటి ఘనతను ఇంకెవరికో అంటగడుతుంటే ఊరుకోవడం ఆయన వల్ల కాలేదు.

ముందు వరసలోంచి ఒక మేనేజరు లేచి, మీ జవాన్ల దగ్గర మీరు మొట్టమొదట వాడిన సూత్రం ఏమిటి సార్ అని వినయంగా అడిగాడు.

"జవాన్ల సంగతి నాకు తెలీదు బాబూ" అన్నాడు హవల్దారు, "సర్వీసంతా నేను నడిపించింది కంచరగాడిదల్ని."