కాకిగోల రెండో ఆల్బమ్

"మళ్ళీ ఆ ముసల్దే!" గిటార్ పక్కన పెట్టి పళ్ళు నూరాడు గిరిధర్.

గ్యారేజ్ ముందు నగర కౌన్సిల్ వ్యాన్ ఆగింది. చప్పుళ్ళ మీద ఫిర్యాదులు చూసే ఆఫీసర్ దిగాడు. విదేశంలో వాళ్ళుండే మనురేవా పేటలో శనివారం మధ్యాహ్నం. వీధంతా గడ్డి కోసే మిషన్లు చెవులు చిల్లులు పడేలా మోగుతున్నాయి. వాటి మీద ఎవరికీ కోపం రాదు. కోపమంతా కాకిగోల మీదే.

కాకిగోల వాళ్ళ రాక్ బ్యాండ్ పేరు. ఉన్నది ముగ్గురే. పాటలు రాసి పాడేది గిరిధర్, బేస్ గిటార్ విష్ణు, డ్రమ్స్ నవీన. గిరిధర్ కాలేజీ రోజుల్లో రాసుకున్న పాటలతో 2013లో తెచ్చిన మొదటి ఆల్బమ్‌కి మంచి పేరొచ్చింది. రెండోది ఈ నెలాఖరుకి ఇవ్వకపోతే కాంట్రాక్టు రద్దేనని మ్యూజిక్ కంపెనీ తెగేసి చెప్పింది. ఈ ఆల్బమ్‌నే నమ్ముకుని నవీన సూపర్‌మార్కెట్ ఉద్యోగం మానేసింది.

పన్నెండు పాటలూ నల్ల పుస్తకంలో రెడీగా ఉన్నాయని గిరిధర్ ఆగస్టు నుంచీ చెబుతున్నాడు. రికార్డింగ్ రోజు దాకా ఎవరినీ ముట్టుకోనివ్వడు. ముందు పాత పాటలు రెండు వాయించి చెయ్యి వేడెక్కించుకుంటారు. కొత్తది ఎత్తుకుందామనేసరికి ఈ వ్యాన్ దిగబడుతుంది.

ఇది మూడోసారి. మొదటిసారి మందలింపు, రెండోసారి నోటీసు. రెండుసార్లూ అందరికంటే ఎక్కువ మండిపడింది గిరిధరే. ఆఫీసర్ అటు వెళ్ళాడో లేదో, ఇంటి నుంచి ఫోనంటూ విసుక్కుంటూ పెరట్లోకి పోయి మాట్లాడొచ్చాడు.

పక్కింట్లో ఫిజీ నుంచి వచ్చిన శివ్‌వతి ఆంటీ ఉంటుంది. తాతల నాటి తెలుగు నాలుగు ముక్కలు వచ్చు. ఇదివరకు నవీనకి వేడి వేడి రోటీలు పంపేది. గిరిధర్ ఆవిడ చెత్త బిన్ తన్ని పడేసిన రోజు నుంచి మానేసింది. ఎదురుపడితే నవీన కూడా మొహం తిప్పుకుంటోంది.

"సారీ. ఈసారి డ్రమ్స్ తీసుకెళ్ళక తప్పదు," అన్నాడు ఆఫీసర్.

"కంప్లైంట్ ఎవరిచ్చారు? పక్కింటావిడేనా?" అడిగింది నవీన.

"పేరు చెప్పకూడదు."

"ఇంకా చెప్పాలా? దాని సంగతి తేలుస్తా!" చేతిలోని ఫోన్ యాంప్లిఫయర్ మీదున్న నల్ల పుస్తకంపైకి విసిరేసి కంచె దగ్గరికి పరుగెత్తాడు గిరిధర్. "ఏం ఆంటీ, నీ కళ్ళు చల్లబడ్డాయా? మా నోటి దగ్గర కూడు లాగేశావ్ కదా!"

బట్టలారేస్తున్న ఆంటీ బిత్తరపోయింది. "నేను కాదు బాబూ. దేవుడి మీద ఒట్టు, నేను ఫోన్ చెయ్యలే."

"నోర్ముయ్!"

డ్రమ్ములు ఒక్కొక్కటే వ్యాన్ ఎక్కాయి. నవీనకి ఏడుపు ఆగలేదు. ఆ ముసలిదాన్ని నిలువునా చీరేయాలనిపించింది.

"ఇంక ఆల్బమ్ లేనట్టే," అన్నాడు విష్ణు.

ఆఫీసర్ వ్యాన్ తలుపు మూశాడు. పని పూర్తయిందని ఫిర్యాదు చేసినవాళ్ళకి చెప్పడం రూలట. అక్కడే నిలబడి ఫోన్ తీసి నంబర్ నొక్కాడు.

కంచె దగ్గర గిరిధర్ ఇంకా ఆంటీని తిడుతూనే ఉన్నాడు. యాంప్లిఫయర్ మీద అతని ఫోన్ మోగింది, అందుకోబోయిన నవీన చెయ్యి తగిలి కింద పడి విచ్చుకున్న నల్ల పుస్తకంలో ఒక్క అక్షరం కూడా లేదు.