నడుం నొప్పికి ఇన్ని ప్రశ్నలా?

"నిద్ర పడతందా అన్నయ్యా?"

ఎల్లాజీ తలెత్తి చూశాడు. ఆస్పత్రి ఆయా, చేతిలో కాగితం.

"నడుం నొప్పికొచ్చానమ్మా. నా నిద్రతో నీకేటి పని?"

"డాక్టరమ్మ అందర్నీ అడగమన్నారు."

గాజువాకలోని ఆ ఫ్యాక్టరీ ఆస్పత్రికి మధులత అని కొత్త డాక్టరమ్మ వచ్చింది. ఎంతకీ తగ్గని నడుం నొప్పికి ఎముకలతో పాటు మనసూ చూడాలంటుంది. చదవడం రానివాళ్లకీ, రాయడానికి బద్ధకించేవాళ్లకీ ఆయాలే ప్రశ్నలు చదివి వినిపిస్తారు. ఎల్లాజీ రెండో రకం.

అతని ఎక్స్‌రేలో ఏమీ లేదు. నొప్పి మాత్రం ఉంది. ఈసారీ తగ్గకపోతే ఉద్యోగానికి పనికిరాడని మెడికల్ బోర్డు రాసేస్తుంది.

ఆ నొప్పి ఎప్పుడు మొదలైందో ఫ్యాక్టరీలో అందరికీ తెలుసు.

"నడుం పట్టేసింది బావా, నా బదులు కాసేపు నువ్వుండు" అన్నాడు ఆ రోజు, తోటి పనివాడు జగ్గయ్యతో. జగ్గయ్య నవ్వుతూ వచ్చి అతని చోట నిలబడ్డాడు. గొలుసు తెగి ఇనుప దూలం అతని మీద పడింది. జగ్గయ్య అక్కడే పోయాడు.

జగ్గయ్య కుటుంబం ఊళ్లో ఉండేది. ఎల్లాజీ వాళ్లనెప్పుడూ చూడలేదు. దినానికి కూడా వెళ్లలేదు. నడుం నొప్పన్నాడు.

"వంగితే నడుం ఇంకా పాడైపోద్దని బయమా?" ఆయా తర్వాతి ప్రశ్న చదివింది.

"బయమే."

"ఇంకెప్పటికీ తగ్గదనిపిస్తందా?"

"నీకొస్తే తెలుస్తాది."

ఆమె కాగితం మడిచి, గొంతు తగ్గించింది.

"తగ్గిపోతే, ఆ రోజు అబద్దమాడినట్టయిపోద్దని బయమా అన్నయ్యా?"

ఎల్లాజీ చటుక్కున లేచాడు. నడుం సంగతి ఆ క్షణాన గుర్తే లేదు.

"నాను దొంగ నొప్పి సెప్తన్నాననా?"

"నేదన్నయ్యా. నొప్పి నిజవే, నాకు తెలుసు. ఇక తగ్గిపోనీ. ఎవులూ ఏటీ అనుకోరు."

"నీకేటి తెలుసు? నువ్వెవులివి సెప్పడానికి? నానేటి నీకు అన్నయ్యనా? ఎల్లిక్కణ్ణించి!"

వరండా అంతా ఇటే చూసింది. ఆమె కళ్లు తుడుచుకుని వెళ్లిపోయింది.

అంతటితో ఊరుకున్నాడా? పైఅధికారికి ఫిర్యాదు కూడా చేశాడు.

ఆ ప్రశ్న మాత్రం అతన్ని వదల్లేదు. ఓ పొద్దున పెరట్లో నీళ్ల బకెట్టు ఎత్తేశాడు. ఎత్తాక గానీ తను వంగానన్న సంగతి తట్టలేదు. అక్కడే కూలబడి ఏడ్చాడు.

మళ్లీ ఆస్పత్రికి వెళితే వేరే ఆయా కాగితం పట్టుకుంది. ఆ ఆఖరి ప్రశ్న అడగలేదు.

ఎల్లాజీ డాక్టరమ్మ గదిలోకి వెళ్లాడు.

"ఆ ముందరి ఆయమ్మ ఏదండీ? ఒక మాట సెప్పుకోవాల."

"మీ ఫిర్యాదు మీదే మన ఫ్యాక్టరీ గనుల దగ్గరి ఆస్పత్రికి మార్చేశారు. నిన్ననే వెళ్లిపోయింది."

"తగ్గిపోతే బయమా అని అడిగిందండీ. అది మీరు రాసిందేనా?"

"నా కాగితంలో అలాంటి ప్రశ్న లేదే!" అంది మధులత. "పాపం, భర్త డ్యూటీలో పోతే ఆ ఉద్యోగం ఆమెకిచ్చారు. ఆ రోజు మీ పేరు చూసి, ఈ అన్నయ్యని నానే అడుగుతానండీ అని కాగితం లాక్కుంది."

ఆ భర్త పేరేమిటని ఎల్లాజీ అడగలేదు. తను బావా అని పిలిచిన జగ్గయ్య భార్య, తనని అన్నయ్యా అనక మరేమంటుంది.