గాలి తీసే విద్య

“నొక్కు!”

“నొక్కాను.”

“పట్టుకో!”

“పట్టుకునే ఉన్నాను. పెళ్ళయిన దగ్గర్నుంచీ పట్టుకునే ఉన్నాను.”

ముందు చక్రం ఊడదీసి, దాని స్థానంలో తల పెట్టి పడుకున్న భర్తగారు ఆ మాట విననట్టే స్పానర్ తిప్పారు. బ్రేకు ఆయిల్ సన్న గొట్టంలోంచి సీసాలోకి జారింది. ఒక్క బుడగ లేదు. స్పానర్ బిగించారు.

“వదులు!”

డ్రైవర్ సీట్లో ఉన్న భార్య కాలు తీసింది. మళ్ళీ నొక్కి చూసింది. పెడల్ దూదిపరుపులా మెత్తగా నేలదాకా దిగిపోయింది.

“లాభం లేదండీ. లోపల గాలి అలాగే ఉంది.”

పొద్దున్నుంచీ ఇదే వరస. చక్రాల్ని పట్టి ఆపే కాలిపర్లు కుడివీ ఎడమవీ కొత్తవి తెచ్చి స్వహస్తాలతో బిగించారు. ఇక మిగిలింది బ్రేకు గొట్టాల్లో గాలి తీయడమే. తీయబోతే, అదే ఈయన గాలి తీస్తోంది.

మధ్యాహ్నం ఇదే కారులో ఆసుపత్రి నుంచి మరదలినీ ఆమె పసిగుడ్డునీ ఇంటికి తేవాలి. టాక్సీలవాళ్ళు సమ్మెలో ఉన్నారు. “నేనుండగా మీకెందుకు దిగులు” అని మాటిచ్చింది ఈయనే. మాటకి బ్రేకుల్లేకపోతే ఇంతే!

“మెకానిక్‌ని పిలుద్దామండీ.”

“చస్తే పిలవను! ఎవడైనా చూస్తే నా పరువు పంక్చర్. ముందు వెళ్ళి ఆ గేటు వేసిరా.”

ఆవిడ గేటు వేసొచ్చి, ఫోన్ తీసి వీడియో పెట్టింది.

‘ఐదే ఐదు నిమిషాలు! మెకానిక్‌కి టాటా! మీ బ్రేకు మీ చేతిలో!’ అంది ఒక హుషారు గొంతు.

“చూడండి, నవ్వుతూ నవ్వుతూనే ఎలా చేసేశాడో.”

“ఆపు! ఆ గొంతు వింటుంటేనే ఒళ్ళు మండుతోంది.”

“మండదూ మరి? అంత తేలిగ్గా చెబుతుంటే.”

“చెప్పేవాడికేం, నోరుంటే చాలు. చేసేవాడికి కదా నడుముండాలి!”

వీడియోలో మనిషి పళ్ళన్నీ బయటపెట్టాడు. కారు కింద భర్తగారు పళ్ళు నూరారు.

మళ్ళీ నొక్కుడు. మళ్ళీ వదులుడు. నొక్కమని ఎంత నొక్కి చెప్పినా ఫలితం శూన్యం. ఆయిల్ డబ్బా అడుగంటింది. నమ్ముకున్న నట్టు నట్టేట ముంచింది. కోపమొచ్చి టైరుని ఒక్క తన్ను తన్నారు. బొటనవేలు వాచింది.

అప్పుడే ఆసుపత్రి నుంచి ఫోన్.

“బావగారూ, బయల్దేరారా? వీడికి చొక్కా కూడా తొడిగేశాం.” మరదలి మాట వెనక పసివాడు పిల్లికూనలా ఏడ్చాడు.

ఆయన ఆ ఏడుపు విన్నారు. పెడల్ వంక చూశారు. స్పానర్ కింద పెట్టేశారు.

“పిలువు,” అన్నారు. “ఆ మెకానిక్‌నే పిలువు.”

మెకానిక్ వచ్చేసరికి భర్తగారు కళ్ళు తప్ప మొహమంతా తువ్వాలు చుట్టుకుని మౌనవ్రతంలో ఉన్నారు. ఏమడిగినా తల ఊపడమే.

మెకానిక్ చక్రం సందులోకి తొంగిచూసి పక్కున నవ్వాడు.

“ఎవరమ్మా బిగించింది? కుడిది ఎడమకీ, ఎడమది కుడికీ పెట్టారు! గాలి తీసే నట్టు పైనుండాల్సింది కిందికెళ్ళింది. గాలెప్పుడూ పైకే కదా పోయేది? ఇలా నెలరోజులు నొక్కినా ఆయిలే వస్తుంది గానీ గాలి రాదు.”

భర్తగారి తల ఊగడం ఆగిపోయింది.

రెండూ మార్చి బిగించాక బుడగలు బిలబిలా వచ్చాయి. పెడల్ రాయిలా నిలబడింది.

“ఈ వీడియో పెట్టుకునే చేశామయ్యా,” అంటూ ఆవిడ ఫోన్ చూపించింది.

“ఓ, ఈ సార్ వీడియోనా!” మెకానిక్ దణ్ణం పెట్టాడు. “ఈయన నిండు నూరేళ్ళూ చల్లగా ఉండాలమ్మా. ఈయన మాట విని కార్లు విప్పుకున్నవాళ్ళతోనే మా షెడ్డు నడుస్తోంది.”

ఉక్కకి తాళలేక భర్తగారు తువ్వాలు విప్పి చెమట తుడుచుకోబోగా, మెకానిక్ ఫోన్‌లో నవ్వుతున్న మొహాన్నీ ఎదురుగా ఏడవలేక నిలబడ్డ అదే మొహాన్నీ మార్చి మార్చి చూసి, “సార్, ఒక్క సెల్ఫీ!” అన్నాడు.