కొనకు రేకు తొడుగు

"ఈ కొనతో నువ్వు మా వాకిలి కూడా దాటలేవు నాయనా," అంది గూరో, స్కీని కిటికీ వెలుతురుకు తిప్పి చూస్తూ.

పైకి వంగి ఉండాల్సిన కొన జానెడు మేర విరిగి నాలుగు పీచుల మీద వేలాడుతోంది. కొన లేని స్కీ మంచు మీద జారదు, మంచులో దిగబడుతుంది.

"వాగు దగ్గర మంచు కింద రాయి ఉంది అవ్వా, చూసుకోలేదు," అన్నాడు కుర్రాడు. పేరు ఐవింద్ అని గుమ్మంలోనే చెప్పాడు. "ఎలాగైనా బాగుచెయ్యి. నావాళ్లు ముగ్గురు ముందు పోయారు. మా తోర్‌స్టెయిన్ మాస్టారు, ఆయన భార్య, మరదలు. చీకటి పడేలోగా అందుకోకపోతే వాళ్లు సరిహద్దు దాటేస్తారు. నేను ఇక్కడే చిక్కుకుపోతాను."

సరిహద్దు అవతల స్వీడన్. జర్మన్లు నార్వేని పట్టుకుని ఇది మూడో చలికాలం. లోయలో గూరో ఇల్లే ఆఖరిది కాబట్టి పారిపోయేవాళ్లంతా ఆ వాకిట్లోంచే పోవాలి. వాళ్లు పేర్లు చెప్పరు, ఆవిడ అడగదు.

"ముగ్గురా!" అని అరిచినంత పని చేసింది గూరో. "మాస్టారూ, ఆయన పెళ్లామూ, మరదలూనా!"

"మెల్లగా అవ్వా. నాకేం చెవుడు లేదు."

"నాకుంది."

ఐవింద్ నవ్వాడు. "ఇటు వచ్చారా మరి?"

"పొద్దున్నే వచ్చారు. బార్లీ కాఫీ తాగారు. ఉత్తరం కనుమ పట్టుకుని పోయారు."

"ఉత్తరమా? చెరువు మీదుగా అయితే దగ్గర కదా!"

"దగ్గరే. దగ్గర దారిలోనే కాపలా కూడా ఉంది. చదువుకున్నవాళ్లకి ఆ మాత్రం తెలీదా?"

"జాడలేవీ కనబడలేదే."

"గాలి చూడలేదూ? నా మేక అడుగు తీసేలోపే గుంట పూడిపోతోంది." గూరో సుత్తి వెతుక్కుంటూ అడిగింది. "సంచిలో మారు కొన లేదా? ఈ కొండల్లోకి వచ్చేవాడెవడైనా రేకు కొన ఒకటి పెట్టుకునే బయల్దేరతాడు."

"తొందరలో మర్చిపోయాను."

"నీవాళ్లకైనా ఉండి ఉంటుందే. కొన విరిగినవాణ్ణి వదిలేసి పోవడం మా దగ్గర లేదు."

"వాళ్లు వెనక్కి చూసుకోలేదు అవ్వా."

గూరోకి సుత్తి దొరికింది. ఐవింద్ బూట్ల తాళ్లు వదులు చేసుకుని పొయ్యి పక్కన కాళ్లు చాపాడు. "పోనీ, నీవల్ల కాకపోతే చెప్పు. ఈ రాత్రికి ఇక్కడే ఇంత నేల మీద పడుకుని..."

"ఎందుక్కాదు!" గూరో గయ్యిమంది. "ఇవాళే పోతావు నువ్వు. బూట్లు బిగించుకో."

గూరో పట్టు పట్టిందంటే మంచుతుఫాను కూడా పక్కకి తప్పుకుంటుందని లోయలో చెప్పుకుంటారు. గోడ మీద చనిపోయిన మొగుడు చెక్కుకున్న స్కీలున్నాయి. ఏళ్ల తరబడి ఆవిడ వాటిని ఎవర్నీ తాకనివ్వలేదు. ఇప్పుడు ఒకటి దించి, వంపు దగ్గర రంపం పెట్టింది.

రెండు చెక్కల్నీ ఏటవాలుగా కోసి, ఒకదాని మీద ఒకటి కూర్చోబెట్టి, మరమేకులు బిగించింది. పాత పాలక్యాను కోసి, ఆ రేకును అతుకు చుట్టూ తొడిగి మేకులు కొట్టింది. కొట్టడమంటే మామూలుగా కాదు, ఇల్లంతా అదిరేలా.

"చాలు అవ్వా! గట్టిగానే ఉంది."

"నువ్వు అంటే సరిపోదు. కనుమ దాటేదాకా ఇది ఊడకూడదు." కొనను మోకాలికి ఆనించి శక్తి కొద్దీ వంచింది. కిర్రుమంది. రేకు ఊడబెరికి మళ్లీ మొదలెట్టింది.

"పొద్దు పోతోంది!"

"పోనీ. దారి మధ్యలో ఊడితే ఏం చేస్తావు? మళ్లీ నా గుమ్మంలోకే వస్తావు."

ఐవింద్ తల పట్టుకున్నాడు. రెండోసారి వంచితే కొన కిమ్మనలేదు. అప్పుడు గూరో బాగున్న స్కీని కూడా ఒళ్లోకి లాక్కుంది.

"దానికేమైంది?"

"ఏం కాలేదు. కాకుండానే తొడుగు వేస్తున్నా. దీనికో రాయి తగిలితే?"

"ఇంత మొండి ముసలమ్మని ఎక్కడా చూళ్లేదు!"

"ఇంకా నువ్వు చూసిందెంత!" అంది గూరో మేకులు నోట్లో పెట్టుకుని. ఈ కొన ఊడిందా, ప్రాణాలు పోతాయి. అందులో ఆవిడకేమీ అనుమానం లేదు. ఒక్క మేకు కూడా వంకర పోకుండా దించింది.

తారు వేడిచేసి, తడి దిగకుండా రెండు తొడుగుల అంచులకీ దట్టంగా పట్టించింది. అతని జేబులో ఎండు రొట్టె, మేకజున్ను ముక్క కుక్కింది. చేత్తో వీపు మీద నెట్టినంత పని చేసి వాకిట్లో నిలబెట్టింది.

"ఆ నల్ల బండ కనిపిస్తోందే, దాని ఎడం పక్కగా ఎక్కు. ఎక్కడా ఆగకు."

"నీ మేలు మర్చిపోను అవ్వా," అన్నాడు ఐవింద్. ఈసారి ఆ గొంతులో నిజంగానే కృతజ్ఞత ఉంది. "తిరిగి వచ్చినప్పుడు..."

"తిరిగి రావడం మాట తర్వాత. ముందు పో!"

రేకు తొడిగిన కొనలు మంచును చీల్చుకుంటూ సాఫీగా సాగిపోయాయి. అతను నల్ల బండ దాటి, చుక్కంతై, కనుమలో కలిసిపోయేదాకా గూరో చలిలో నిలబడే చూసింది. ముక్కు మొద్దుబారినా కదల్లేదు. తర్వాత లోపలికి వచ్చి తలుపు గడియ పెట్టింది. మోకాళ్ల మీద కూలబడి, నేల పలకల సందులో నోరు పెట్టింది.

"ఆ వేగువాడు వెళ్లిపోయాడు మాస్టారూ, పైకి రండి."