కుడిచేతి స్నో

“కుడిచెయ్యి మెత్తబడి ఉంటే నీ చూడిగొర్రె నాది. లేకుంటే ఈ పెట్టెడు స్నో నీది. పోయిన సంతలో అనుకున్న మాటేగా అమ్మా?” అన్నాడు ఒంటికి రాసుకునే స్నో అమ్మే కరుణాకరం.

“మాట తప్పే ఇంట్లో పుట్టలేదులే. కానియ్యి,” అంది శ్రీశైలమ్మ.

గిద్దలూరు సంతలో సగం జనం అక్కడే మూగారు. శ్రీశైలమ్మ వెనక ఆమె మొగుడు బ్రహ్మం గొర్రె తాడు పట్టుకుని, అది అప్పుడే పరాయిదైపోయినట్టు చూస్తున్నాడు.

వారం కిందట నోరు జారింది ఆమే. స్నోలో గ్లిజరిన్ ఉందనీ, అది గాలిలోని నీటిని లాగి చర్మానికి తాపుతుందనీ, కర్నూలు కొత్త రాజధానిలో ఆఫీసర్ల భార్యలంతా ఇదే రాస్తున్నారనీ కరుణాకరం అరుస్తుంటే, “మా రాచర్ల గాలిలో అన్ని నీళ్ళుంటే మాకు బావులెందుకు నాయనా?” అంది. జనం నవ్వారు. వాడికి రోషం వచ్చింది. ఒక డబ్బీ ఆమె చేతిలో పెట్టి, కుడిచేతికే రాయమన్నాడు. ఎడమచేతికి ఏమీ రాయకూడదు. తేడా తేల్చేది ఇవాళే.

బడి పంతులు సుబ్బయ్య కళ్ళకు తువ్వాలు కట్టారు. శ్రీశైలమ్మ ఒక చెయ్యి అందించింది.

“అబ్బ, తుమ్మ బెరడు,” అన్నాడు పంతులు.

రెండో చెయ్యి అందించింది.

“ఇది జున్నుముక్క!”

తువ్వాలు విప్పారు. జున్నుముక్క ఎడమచెయ్యి.

“మోసం! ఎడమచేతికి ఏదో రాసింది!” కరుణాకరం గొంతు చించుకున్నాడు.

“రాసింది నేను కాదు, మా గొర్రెలు. బొచ్చు కత్తిరించే రోజులు గదా ఇవి. కుడిచేత కత్తెర, ఎడమచేత బొచ్చు. దాని జిడ్డంతా ఈ చేతికే. నీ గాలినీళ్ళకంటే మా గొర్రె జిడ్డే నయం పో!”

“నిజమేరబ్బీ,” అన్నాడు ముసలి యల్లయ్య తన ఎడమచెయ్యి ఎత్తి చూపిస్తూ. “అరవై ఏండ్లుగా బొచ్చు పట్టినా. ఒక్క పగులు చూపించు.”

సంత ఈలలు వేసింది.

“నేనమ్మిన సరుకుల్లో అబద్ధం చెప్పకుండా అమ్మింది ఇదొక్కటేనయ్యా,” అన్నాడు కరుణాకరం. ఎవరూ వినలేదు. పెట్టె అక్కడే వదిలి స్టేషన్ దారి పట్టాడు. జాలిపడాల్సిందేమీ లేదు. గొర్రెను తోలుకుపోదామని వచ్చినవాడే.

బ్రహ్మం పెట్టె నెత్తిన పెట్టుకుని, గొర్రెను లాక్కుంటూ నడిచాడు. ఊరు దాటాక ఆగాడు.

“ఏమే, ఈసారి బొచ్చు కత్తిరించింది నేను గదా? నువ్వు బొచ్చు ముట్టుకోనే లేదు. మరి ఎడమచెయ్యి ఎట్ల మెత్తబడిందే?”

“పెట్టె దించు ముందు.”

దించాడు. శ్రీశైలమ్మ ఒక కొత్త డబ్బీ మూత తీసి, కుడిచేతికి దట్టంగా పట్టించుకోసాగింది.

“వాడిచ్చిన స్నో అంతా ఎడమచేతికే గదా రాసింది,” అంది.